మిల్లు ఆగితే కల్లమూ ఆగింది

కరోనాకు ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, పట్నంలో భవనాల పనులు ఆగాయి అంటే ‘అది సేట్ల బాధ, మనకేంది’ అనుకున్నవారు మనలో ఉన్నారు. కాదు, అది మన బాధే. ఎట్లాగో చూడండి.

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చేనాటికి యాసంగి వరి కోతకు దగ్గర పడింది. ఊరూరా కేంద్రాలు పెట్టి ఏ గ్రేడు వడ్లు క్వింటాలు 1,835 రూపాయలకు కొంటామన్నారు. ధర ఉంది, కేంద్రం ఉంది. కానీ మిల్లు కాడ లారీ దించే హమాలీ లేడు. మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది ఎక్కువగా బీహారు వాళ్లే. హోలీకి ఇంటికి పోయినవారు అక్కడే చిక్కుకున్నారు. చివరకు మే 8న ఖగారియా నుంచి లింగంపల్లికి రైల్లో రెండు వందల మందికి పైగా రప్పించాల్సి వచ్చింది. అంతకు వారం ముందే, మే 1న, అదే లింగంపల్లి నుంచి దేశంలో మొదటి శ్రామిక రైలు వలస కూలీలను జార్ఖండ్‌కు తీసుకుపోయింది. అటు పని లేక పోయేవారు, ఇటు మనిషి లేక పిలిచేవారు!

ఇక మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ఎకరం, రెండెకరాల రైతు సంగతి. కోతలయ్యాక పట్నం పోయి మేస్త్రీ కింద పనిచేస్తేనే వానాకాలం విత్తనాలకు చేతిలో పైసలాడేది. ఆ ఏడు ఆ పైసలు రాలేదు. రోజుకు 237 రూపాయల ఉపాధి హామీ కూలే చాలామందికి దిక్కయింది.

అందుకే రెండు పనులు చేయాలంటాను. ఒకటి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపువారు, ఏడాదిలో 90 రోజులు ఆ పని చేస్తే అర్హులే. పని రోజులు మేస్త్రీతో రాయించి పెట్టుకోండి. ఇంటామె కూడా పనికి పోతే ఆమె పేరూ ఉండాలి. భవనాల మీద సెస్సు వసూలు చేసేది వీరి కోసమే. 2020 మార్చి 24న ఆ నిధి నుంచి కార్మికులకు సాయం చేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పుస్తకంలో పేరు లేనివారికి ఏ నిధి నుంచి ఇస్తారు?

రెండు, కోతలకు ముందే సహకార సంఘం మీటింగులో అడగండి: ‘మిల్లులో దించే మనుషులున్నారా?’ మన ఊరి పిల్లలకు గిట్టుబాటు కూలి ఇస్తే కొందరైనా ఆ పనికి రారా? మిల్లర్లు ఆలోచించాలి.

వాన మొదలయ్యాక చెరువు కట్టకు మట్టి పోస్తే నిలుస్తుందా? ఎండ ఉన్నప్పుడే పోసుకోవాలి.