బండి బోల్తా పడితే తప్పు డ్రైవరుదేనా?

రోడ్డు దిగి పరుగెత్తే బండి అంటే పట్నం కుర్రాళ్లకు రిసార్టుల్లో అద్దెకు దొరికే ఏటీవీ. అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలో ఆ పని ట్రాక్టరుది. వంక దిగాలన్నా, నల్లరేగడి బురద దాటాలన్నా, హంద్రీ-నీవా కాలువ గట్టు వెంట చేను చేరాలన్నా అదే దిక్కు. పొద్దున్నే కూలీలను మోసేదీ, సాయంత్రం పంటను ఇంటికి చేర్చేదీ అదే.

ఈ ప్రయాణం ఎలా ముగియవచ్చో 2018లో తెలంగాణ చూసింది. ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పడమటి తండా దగ్గర ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది ఆడకూలీలు చనిపోయారు. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాలీ తిరగబడి 15 మంది పోయారు. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా వినపడేది డ్రైవరు నిర్లక్ష్యం గురించే. అందులో నిజం ఉండొచ్చు. కానీ మాట అక్కడితో ఆగిపోతే మిగతా కారణాలన్నీ తప్పించుకుంటాయి.

ఏటీవీ అయినా ట్రాక్టరు అయినా ప్రమాద సూత్రం ఒకటే. బరువు ఎత్తున ఉంటుంది, నేల ఎగుడుదిగుడు. ఒక పక్క చక్రం గట్టు జారితే బండి పక్కకు ఒరుగుతుంది. వంక ఎక్కేటప్పుడు ఒక్కసారిగా క్లచ్ వదిలితే ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి తిరగబడి తోలేవాడి మీదే పడుతుంది. తేరుకునే వ్యవధి ఉండదు. మడ్‌గార్డు మీద ఇద్దరు కూర్చుంటే ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ సంగతి గ్రహించిన దేశాలు జాగ్రత్తలు చెప్పి ఊరుకోలేదు, బండినే మార్చాయి. బండి బోల్తా పడినా తోలేవాణ్ని కాపాడే రక్షణ చట్రాన్ని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. అమెరికాలో 1988లో మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆగింది. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి పొలం పనులకు అమ్మే కొత్త క్వాడ్ బైకులకు, అంటే నాలుగు చక్రాల ఏటీవీలకు, తోలేవాడు నలగకుండా కాపాడే పరికరం ఉండాల్సిందే. చట్రం ఉన్న ట్రాక్టరులో సీటుబెల్టు పెట్టుకుంటే మనిషి ఆ చట్రం నీడలోనే ఉంటాడు. చట్రం లేని బండిలో మాత్రం బెల్టు మనిషిని బండి కిందే కట్టిపడేస్తుంది.

మన పల్లెల్లో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి ఆ చట్రం కనపడదు. ధర పెరుగుతుందనే అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. వానను నమ్ముకున్న రైతుకు ప్రతి వెయ్యీ లెక్కే. అందుకే ఆ భారం రాయితీ మోయాలి. యంత్రాలకు ప్రభుత్వం డబ్బిచ్చేచోట చట్రం ఉండాలని షరతు పెట్టి, దాని ఖర్చునూ రాయితీలో కలపొచ్చు.

అయితే చట్రం కాపాడేది సీట్లో ఉన్నవాణ్నే, ట్రాలీలోని కూలీలను కాదు. ట్రాలీ సరుకు కోసం చేసింది. అందులో మనుషులను ఎక్కించొద్దని జరిమానా రాస్తే సరిపోదు, తెల్లవారకముందే చేలకు పోయే ఆడవాళ్లకు వేరే బండి చూపాలి. కాలువ గట్టు మలుపుల్లో అడ్డుగోడ కట్టాలి. పొలం బాటలను ఉపాధి హామీలో వెడల్పు చేయాలి. ఇవేవీ డ్రైవరు చేతిలో ఉన్న పనులు కావు. మనిషి పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా చూడటం బండి చేసేవాళ్లదీ, బాట వేసేవాళ్లదీ బాధ్యత. ప్రమాదం జరిగాక వేసే విచారణలు వాళ్లనూ ప్రశ్నించాలి.