గోటిలో వెలుగు లెక్క

గోరు చిన్నది, దాని రోగం మాత్రం దీర్ఘమైనది. కాలి బొటనవ్రేలి గోరు పసుపు వన్నెకు తిరిగి, మందమై, అంచున పొడిపొడిగా రాలిపోతుంటే మన పెద్దలు దానిని పిప్పిగోరు అన్నారు. ఆ పిప్పికి ఎక్కువమందిలో కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే శిలీంధ్రం.

ఆ మధ్య ఒక చర్మ చికిత్సాలయం వారి కరపత్రం అనువాదానికై నా వద్దకు వచ్చినది. లేసర్ కిరణంతో పిప్పిగోళ్ళ నుండి సంపూర్ణ విముక్తి లభిస్తుందని అందులో ఉన్నది. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న నాకు భౌతికశాస్త్రంతో పరిచయం స్వల్పమే. అయినా ‘సంపూర్ణ’ అనే మాట వద్ద కలం ఆగినది. మా మేనత్తగారు అప్పటికే ఆ చికిత్సకై డబ్బు కూడబెట్టుకొంటున్నారు. అందుచేత అనువాదం ప్రక్కన పెట్టి, చదవడం మొదలుపెట్టాను.

లేసర్ పై ఆశ ఊరక పుట్టలేదు. టెర్బినఫిన్ మాత్రలు కాలిగోళ్ళకైతే సాధారణంగా 12 వారాలు మ్రింగాలి. కాలేయ వ్యాధి ఉన్నవారికి అవి తగవు. పూతమందు గట్టి గోటిని దాటి లోపలికి చేరడం కష్టం. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది గనుక, శిలీంధ్రం నశించినా కొత్త గోరు పూర్తిగా రావడానికి 12 నుండి 18 నెలలు పడుతుంది.

కాంతి చికిత్సకు మూలసూత్రాన్ని 1983లో బోస్టన్ వైద్యులు ఆండర్సన్, పారిష్ ప్రకటించారు. చుట్టుప్రక్కల కణజాలం కంటె లక్ష్యమే ఎక్కువగా పీల్చుకొనే కాంతిని తగినంత స్వల్పకాలం ప్రసరింపజేస్తే, లక్ష్యం మాత్రమే వేడెక్కి నశిస్తుందని దాని సారాంశం. కనుక కిరణం వదలడానికి ముందే తేలవలసిన ప్రశ్న ఒకటున్నది: రోగగ్రస్తమైన గోరు ఏ కాంతిని ఎంత పీల్చుకొంటుంది?

దీనిని కొలిచే పద్ధతి ముచ్చటైనది. లోపల తెల్లపూత పూసిన రెండు బోలు గోళాల నడుమ గోటి ముక్కను ఉంచి, దానిపై కాంతిని ప్రసరింపజేస్తారు. వెనుకకు మళ్ళిన కాంతిని ఒక గోళం, దాటిపోయిన కాంతిని రెండవది పోగుచేస్తాయి. ఉదాహరణకు నూరు పాళ్ళలో నలభై వెనుకకు వచ్చి, ముప్పైయైదు దాటిపోతే, మిగిలిన ఇరవైయైదు గోరు పీల్చుకొన్నదన్నమాట. ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికీ ఈ కొలత తీసి, ఆరోగ్యమైన గోటితో పోల్చి చూస్తారు. కత్తిరించిన ముక్క ఆరిపోతుంది గనుక, అందులోని తేమనూ, దాని మందాన్నీ గమనించక తప్పదు.

పిప్పిగోరు ఇక్కడ చిక్కు పెడుతుంది. పటికబెల్లం పలుకు గుండా వెలుగు సాగిపోతుంది. అదే పలుకును నూరితే తెల్లని పొడి అవుతుంది. పదార్థం మారలేదు, వెలుగు చెదిరిపోయినది, అంతే. పొడిబారి, లోన గాలి చేరిన గోటిలోనూ అదే జరుగుతుంది. వైద్యుడు పంపిన కాంతిలో కొంత శిలీంధ్రాన్ని చేరకుండానే దారి తప్పుతుంది.

తరంగదైర్ఘ్యం ఎన్నికలోనూ ఇబ్బంది ఉన్నది. ఎక్కువగా వాడే 1064 నానోమీటర్ల పరారుణ కాంతి లోతుకు పోతుంది గాని, శిలీంధ్రం దానిని ప్రత్యేకించి పీల్చుకోదు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని శిలీంధ్రపు వర్ణకం బాగా పీల్చుకొంటుంది గాని, మన నెత్తురూ, చర్మవర్ణకమూ కూడ పీల్చుకొంటాయి. శిలీంధ్రాన్ని చంపే వేడికీ, మనిషిని బాధించే వేడికీ నడుమ అంతరం స్వల్పం. లెక్క తప్పితే గోరుచుట్టుపై రోకటిపోటే. లెక్క కుదిరితే మాత్రం ఎవరి గోటికి తగిన మోతాదు వారికి నిర్ణయించవచ్చు.

2010లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి ఒక లేసర్ పరికరాన్ని అనుమతించినది. స్వచ్ఛమైన గోటి భాగం తాత్కాలికంగా పెరగడానికే ఆ అనుమతి. రోగం నయమవుతుందని అందులో లేదు. ‘తాత్కాలికం’ అన్నది ‘సంపూర్ణం’గా మారడం ఏ భాషలోనూ అనువాదం అనిపించుకోదు.

ఈ మాటే వ్రాసి, కరపత్రాన్ని తిప్పిపంపాను. దెబ్బ తగిలినా, సొరియాసిస్ వచ్చినా గోరు ఇలాగే మందమవుతుందని విన్న అత్తయ్యగారు డబ్బు మూట విప్పలేదు. వైద్యుని అడిగి, ముందుగా గోటి ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పరీక్ష చేయించారు.