వంతుల పట్టిక

మా గుడిలో చాపలు పరచుట, ప్రసంగవేళ వసారాలో పిల్లలకు పాఠము చెప్పుట, రెండును ఒక అక్కగారివే. కాదనలేని మనిషి గనుక పట్టికలో ప్రతి వారము ఆమె పేరే పడుచుండెను. అది వంతుల పట్టిక కాదు, మొగమాటపు పట్టిక! ఆమె మూడు వారములు రాకపోయిన పిమ్మట గాని, ఆమె ప్రసంగము విని ఎన్నేండ్లయినదో మాకు తట్టలేదు.

అమ్మలారా, దావీదు కాలమున 288 మంది గాయకులను 12 మంది చొప్పున 24 వంతులు చేసి, గురువు శిష్యుడు అను భేదము లేక చీట్లు వేసిరి. యాజకులకును 24 వంతులే. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా అబీయా వంతులోనివాడు. సేవదినములు తీరగానే ఇంటికి వెళ్లెనని లూకా వ్రాసెను.

ఈ మూడు నెలలకు మేమును చీట్లు వేసితిమి. అక్కగారి పేరు వేయలేదు. మొన్న ఆదివారము ఆమె స్త్రీల వైపు ముందు చాపమీద కూర్చుండెను. పరచినది మా కోశాధికారిగారు; కొంచెము వంకరగానే పరచిరి.