పార్టు మార్చే ముందు మీటరు పెట్టండి

పాత పికప్ సెల్ఫ్ తీసుకోకపోతే మన దగ్గర మొదట మారేది బ్యాటరీ. అయినా తీసుకోకపోతే సెల్ఫ్ మోటారు విప్పుతారు. తర్వాత డైనమో వంతు. చివరికి ‘వైరింగంతా పోయింది, కొత్తది వేయాలి’ అంటారు. ఇన్ని వేలు ఖర్చయ్యేసరికి కూడా ఒక్కరూ మీటరు పెట్టి చూసి ఉండరు. సారపాకలో ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసుకుని బతుకుతున్న నేను చెప్పేది ఒక్కటే: కొలవకుండా ఏ మెకానిక్కూ పార్టు మార్చకూడదు, ఏ ఓనరూ మార్చనివ్వకూడదు.

మాది బండ్ల ఊరు. పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర లోడ్లు వస్తుంటాయి. భద్రాచలం, చర్ల, కూనవరం, చింతూరు వైపు సరుకులు మోసేవి చిన్న బండ్లే. నా దగ్గరికి వచ్చే పికప్‌లలో పదేళ్లు దాటినవే ఎక్కువ. అవి ఒక్క రోజు ఆగితే ఆ ఇంటికి ఆ రోజు కిరాయి రాదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

పైగా మేం గోదావరి ఒడ్డున ఉన్నాం. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగుల దాకా వచ్చి తగ్గింది. నీళ్లలో నిలిచిన బండ్లను కడిగారు, ఆయిల్ మార్చారు, రోడ్డెక్కించారు. ఇంజన్ శుభ్రమైంది కానీ వైరింగ్ లోపలి తడి, ఒండ్రు మిగిలిపోయాయి. తొడుగు కింద రాగి తీగలు మెల్లగా నల్లబడతాయి. కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. పైకి చూస్తే వైరు నిగనిగలాడుతూనే ఉంటుంది. రోగం నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి వరదకూ దానికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు.

ఇందులో ఎక్కువ భాగం ఎర్త్ రోగమే. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు పని చేసి మళ్లీ మైనస్‌కు చేరాలి. ఆ తిరుగుదారి బండి ఇనుమే. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ లగ్గు కింద తుప్పో పెయింటో ఉంటే దారి ఇరుకవుతుంది. దుమ్ముగూడెం వైపు నుంచి కూరగాయలు తెచ్చే ఒక పికప్‌కు కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ బాగు చేయించారు. అయినా పొద్దున్నే మూలుగుతోంది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, నిండుగా ఉంది. మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు లోపు ఉండాల్సిన చోట దాదాపు రెండు వోల్టులు చూపించింది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ సగం తెగి, మిగతా సగం చిలుము పట్టి ఉంది. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తే బండి ఒక్క తిప్పుకే అందుకుంది. అంతకు ముందు పెట్టిన డబ్బంతా ఆ ఇంటికి నష్టమే.

లైట్ల సంగతి ఇంకా తీవ్రం. మామూలు హెడ్‌లైట్ బల్బు 60 వాట్లు. రెండూ వెలిగితే పది ఆంపియర్లు. దారిలో రెండు వోల్టులు పోతే వెలుతురు సుమారు సగానికి పడిపోతుంది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో రాత్రిపూట సగం వెలుతురుతో దిగే డ్రైవరు ప్రాణం ఆ లగ్గు మీద ఆధారపడి ఉంది. బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మిణుకుమంటే వెనక లైట్ల ఎర్త్ పోయిందని మొదట అనుమానించాలి. బల్బులు మారిస్తే అది పోదు.

ఫ్యూజ్ విషయంలో ఎవరితోనూ రాజీ పడను. పది ఆంపియర్ల ఫ్యూజ్ పోతే ముప్పైది గుచ్చడం, లేదంటే రాగి తీగ చుట్టడం మా రోడ్డు మీద రోజూ చూస్తాను. ఫ్యూజ్ ఉన్నది వైరును కాపాడటానికి. దాన్ని దాటవేస్తే తర్వాత కాలేది వైరు, ఆపైన బండి. అలాగే ట్రాలీకి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. లేకపోతే డైనమోలోని డయోడ్లు పోయే ప్రమాదం ఉంది.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ రోజు లైటు వెలిగిందా లేదా అన్నది తేలుతుంది. ఎన్ని వోల్టులతో వెలిగిందన్నదీ చూడాలని నా వాదన. జనవరిలో రోడ్డు భద్రతా మాసం పేరుతో డ్రైవర్లకు కంటి పరీక్షలు చేస్తున్నారు, మంచిదే. డ్రైవరు కన్ను ఎంతో బండి దీపం అంతే. గోదావరి తగ్గాక ముంపు మండలాల్లో పశువైద్య శిబిరాలు పెట్టినట్టే బండ్లకూ వైరింగ్ శిబిరాలు పెట్టాలి. ఐటీఐలలో మోటారు మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలను అక్కడికి తీసుకొస్తే బండ్లకు పరీక్ష, వాళ్లకు పని రెండూ అవుతాయి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కొన్ని వందలకు దొరికే మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంపు, ఉప్పు కాగితం చాలు.

ఓనరన్నలకూ ఒక మాట. పార్టు పోయిందని ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, ‘మీటరు పెట్టి చూపించన్నా’ అని అడగండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తుంటే డైనమో మార్చే పని లేదు. ఆ అంకె కళ్లారా చూసిన తర్వాతే డబ్బులు తీయండి.