మార్షల్ గీత... మదనపల్లె టమాటా

డిగ్రీ ఫస్టియర్‌లో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్లని ఎవర్నైనా కదిపి చూడండి. మొదటి వారం గురించి అందరూ ఒకటే చెబుతారు. నిర్వచనాలు! ఆడం స్మిత్‌ది సంపద నిర్వచనం, 1776. మార్షల్‌ది శ్రేయస్సు నిర్వచనం, 1890. రాబిన్స్‌ది కొరత నిర్వచనం, 1932. ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్లు ‘ఇవన్నీ మాకొచ్చులే’ అని వెనక బెంచీలో ఫోన్ తీస్తారు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు మాత్రం ‘ఒక్క సబ్జెక్టుకి ఇన్ని నిర్వచనాలేంట్రా బాబూ’ అని తలపట్టుకుంటారు.

ఎంపీసీ బ్యాచ్‌కి అసలు షాక్ డిమాండ్ రేఖ దగ్గర తగులుతుంది. ధర మారితే డిమాండ్ మారుతుంది అని చెబుతూనే, ధరని తీసుకెళ్లి నిలువు అక్షం మీద పెడతారు. లెక్కల క్లాసులో నేర్చుకున్నది దీనికి రివర్స్ కదా! మారేది ఎక్స్ మీద, దాన్నిబట్టి మారేది వై మీద ఉండాలి. లెక్చరర్ పొరపాటేం కాదు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన పుస్తకంలో అలా గీశాడు, ఆ అలవాటే ప్రపంచమంతా పాకింది. ఈ ఒక్క మాట ముందే చెబితే సగంమంది బుర్ర గోక్కోవడం మానేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయిపోయింది. ఇంటర్‌లో క్షీణోపాంత ప్రయోజన సూత్రం అని నోరు తిరగక కష్టపడి బట్టీ పట్టినవాళ్లకి, అదే సూత్రం డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ అని ఇంకో పేరుతో మళ్లీ ఎదురవుతుంది. ఉదాహరణ మాత్రం మారదు. రెండుచోట్లా యాపిల్ పండ్లే. మన దగ్గర ఆకలేసినప్పుడు వరసపెట్టి ఆరు యాపిల్స్ తినేవాళ్లని నేనైతే చూడలేదు. మిర్చి బజ్జీలంటే పోదా?

కానీ కొన్ని పాఠాలు నేరుగా ఇంటికే వచ్చి తలుపు కొడతాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చి బీఏ చదువుతున్న ఒకమ్మాయి ఎలాస్టిసిటీ చాప్టర్ గురించి నాతో అన్న మాట: “అక్కా, ఇది మా నాయనకి ఎప్పుడో తెలుసు. పేరే తెలీదు.”

ఆ చాప్టర్‌లో ఉన్నదేంటంటే, కొన్ని సరుకుల రేటు సగానికి పడిపోయినా జనం రెట్టింపు కొనరు. కిలో పది రూపాయలైందని చారులో పది టమాటాలు వెయ్యం కదా! లెక్క కోసం అనుకుందాం: పోయిన సీజన్‌లో ఒక రైతుకి వంద బాక్సులు పండాయి, బాక్సు 300. చేతికొచ్చింది 30 వేలు. ఈసారి ఆయనకే కాదు, అందరికీ బాగా పండింది. ఆయనవి 150 బాక్సులు, రేటు 120. వచ్చింది 18 వేలు! పంట పెరిగింది, డబ్బు తగ్గింది. పైగా కోత కూలి, బండి కిరాయి 150 బాక్సులకీ కట్టాలి. రోడ్డు పక్కన టమాటాలు పారబోసిన వీడియోలు మనం స్క్రోల్ చేస్తూ చూసేవి ఇవే. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు మీమ్స్ వేసింది కూడా ఈ టమాటా మీదే. సరుకు తక్కువొస్తే రేటు ఆకాశానికి, ఎక్కువొస్తే పాతాళానికి. రెండింటికీ కారణం ఆ ఒక్క చాప్టర్‌లోనే ఉంది. పరీక్షలో ఇది అయిదు మార్కుల ప్రశ్న. ఆ అమ్మాయి ఇంట్లో అది ఏడాది అప్పు.

ఇంకోటి అవకాశ వ్యయం. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా, చదువు ఫ్రీ’ అంటారు ఇంట్లో. ఎకనామిక్స్ ఒప్పుకోదు. అదే మూడేళ్లు ఏ షాపులోనో పనిచేస్తే నెలకి 12 వేలు వస్తాయనుకోండి. 4 లక్షల 32 వేలు వదులుకున్నట్టే. ‘చదివింది చాల్లే’ అనే మాట ఇంట్లో రోజూ వినే పిల్లకి ఈ అంకె గుండెలో రాయి పడ్డట్టుంటుంది. ఈ లెక్కని ఇక్కడితో ఆపేసి బోర్డు తుడిచేసే క్లాసులంటే నాకు కోపం. రెండో వైపు కూడా వెయ్యాలి కదా. డిగ్రీ వల్ల తర్వాత ముప్ఫై ఏళ్లు ఎంత అదనంగా రావచ్చు, చదువు మానేస్తే ఆ పిల్ల నిజంగా ఉద్యోగానికే వెళ్తుందా, లేక జీతంలేని ఇంటిపనికా? పోల్చాల్సింది వాటిని.

క్లాసు నచ్చకపోవడం మనకే కాదు. 2011 నవంబర్ 2న హార్వర్డ్‌లో గ్రెగరీ మాన్‌క్యూ చెప్పే ఎకనామిక్స్ 10 క్లాసులోంచి దాదాపు 70 మంది లేచి వెళ్లిపోయారు. ఒక్క కోణమే చెబుతున్నారని, అసమానతలకి ఇలాంటి పాఠాలూ కారణమేనని వాళ్ల ఫిర్యాదు. తమాషా ఏంటంటే, ఆరోజు పాఠం ఆదాయ అసమానతల గురించే!

మన దగ్గర 75 శాతం అటెండెన్స్ ఉంది కాబట్టి ఎవరూ లేవరు. ప్రశ్నలు మాత్రం అడుగుతారు. పరిపూర్ణ పోటీ చాప్టర్‌లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ లెక్కలేనంతమంది అని చెబుతుంటే, మన మదనపల్లె అమ్మాయి లేచి అడిగిందట: “సార్, మా మండీలో అమ్మేవాళ్లు వందలమంది, కొనేవాళ్లు పదిమంది. దీన్ని ఏ మార్కెట్ కింద రాయాలి?” సార్ కాసేపు ఆలోచించి, అది ఈ సెమిస్టర్‌లో లేదమ్మా అన్నారట. దాని పేరు ఆలిగాప్సనీ. ఫోన్ చేతిలోనే ఉంది కదా, కొట్టి చూడండి.