మల్బరీ అంటు: కొమ్మతో పాటు వేరునూ అడగాలి

చిల్లకల్లు: పత్తి, మిరపలకు పేరుపడిన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మల్బరీ మొక్కలు బేరమాడే వర్తకులు రకం పేరు ఒక్కటే అడిగి ఊరుకోవడం సరికాదు. అంటు మొక్క అయితే కింది వేరు ఏ రకమో కూడా తేల్చుకోవాలి.

మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో వెలువరించిన వి-1 రకం కొమ్మ నాటితేనే సులువుగా వేరు పోసుకుంటుంది. దానికి అంటు పేరిట అదనపు ధర పెట్టడం దండగ. ఏపుగా పెరిగినా కొమ్మకు వేరు సరిగా రాని రకాలకే అంటు గిట్టుబాటు. జపానులో విత్తనపు మొక్కల వేళ్లపై అంటు కట్టడం ఆనవాయితీ.

అయితే అసలు చిక్కు కత్తిరింపులో ఉంది. దక్షిణాదిన తోటలను తరచు నేలకు దగ్గరగా నరుకుతారు. కత్తి అంటు అతుకుకు దిగువన పడిందా, తిరిగి చిగిర్చేది కింది నాటు రకమే. అతుకు కింద మొలిచే పిలకలను గిల్లకపోయినా అంతే. మేలి రకం ధర చెల్లించిన చేతికి నాటు ఆకు వస్తుంది. ఆకు నాసిరకమైతే గూడు బరువు, దారం రెండూ తగ్గుతాయి. ఆ దెబ్బ రైతుతో ఆగదు, గూళ్ల వేలంలో పాట పాడేవారికీ తగులుతుంది.

ఒకసారి వేసిన తోట ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి వేరు రకం, అతుకు ఎత్తు బేరం చీటీలోనే రాయించుకోవడం ఉభయులకూ క్షేమం.