క్రెడిట్లు బ్యాంకులో, టీసీ బీరువాలో

చదువుకూ ఒక బ్యాంకు వచ్చింది. 2021 జూలైలో యూజీసీ తెచ్చిన నిబంధనలతో విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్'లో జమవుతాయి. కాలేజీ మారితే అవి వెంట వస్తాయి. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సాధించాలన్నది షరతు. కాగితం మీద బాగానే ఉంది.

మరి హైదరాబాద్‌లో మొదటి ఏడాది చదివి, తండ్రి మంచాన పడితే పాలమూరుకు తిరిగి పోవాల్సిన ఆడబిడ్డ సంగతేమిటి? టీసీ అడిగితే యాజమాన్యం ఏమంటుంది? 'రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఫీజు కట్టి తీసుకుపో' అంటుంది. బాకీ సర్కారుది, జప్తు పిల్ల చదువు! ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని 2018లోనే యూజీసీ చెప్పింది. అయినా బీరువా తాళం యాజమాన్యం చేతిలోనే ఉంది. టీసీ లేనిదే పక్క కాలేజీ చేర్చుకోదు. చేర్చుకోనప్పుడు బ్యాంకులో ఎన్ని క్రెడిట్లుంటే ఏం లాభం?

1969లో విద్యా సంవత్సరాన్నే పోగొట్టుకుని, 2009లో లాఠీలకు ఎదురు నిలిచి కొట్లాడింది విద్యార్థులే. 2014లో వచ్చిన ఈ రాష్ట్రంలో వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు టీసీ కోసం బతిమాలాలా?

బకాయి సంగతి సర్కారు, యాజమాన్యాలు తేల్చుకోవాలి. సర్టిఫికెట్ ఆపిన కాలేజీ గుర్తింపుపై యూనివర్సిటీ చర్య తీసుకోవాలి. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఒక్క గొంతుతో అడగాల్సింది ఇదే.